నిదానపు బంతి

బంతి గోడదాకా దొర్లిపోయింది. దురైసామి దాన్ని తెలుగులో ఓ తిట్టు తిట్టాడు.

గోడ నీడలో కూర్చున్న పెద్దాయన దాన్ని అందుకున్నాడు. తిరిగి విసరలేదు. చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"వెయ్యండి పెద్దాయనా!" అని అరిచాడు దురైసామి.

పెద్దాయన లేచి, దగ్గుకుంటూ మైదానానికి అడ్డంగా నడిచి వచ్చి బంతి చేతికిచ్చాడు.

"బంతిని మన తెలుగులోనే తిట్టినావే తంబీ. అందుకే వచ్చినా."

దురైసామికి నవ్వు రాలేదు. భుజం సలుపుతోంది.

పీలమేడులోని ఆ నూలు మిల్లు లెక్కల్లో అతను ఫిట్టరు. స్పానరు మాత్రం ఎన్నడూ పట్టి ఎరగడు. మిల్లుల మధ్య జరిగే క్రికెట్ పోటీల కోసం, వేగంగా బంతి వేస్తాడని విని, ఎన్నో ఏళ్ళ కిందట దిండిగల్ నుంచి తెచ్చి ఉద్యోగం ఇచ్చారు. కోయంబత్తూరు మిల్లుల్లో అదొక పద్ధతి. వేగం ఉన్నన్నాళ్ళు జీతం, మిల్లు వాళ్ళ వరుస ఇళ్ళలో ఒక ఇల్లు.

ఇప్పుడా వేగం పోయింది.

"ఆదివారం మదురై మిల్లుతో మ్యాచి. అందులో వికెట్లు తియ్యకపోతే నీకు సెలవే. పెరియకుళంలో ఒకడున్నాడు, బాగా వేస్తాడట" అన్నాడు ఆ పొద్దున కొత్త మేనేజరు రాఘవన్.

మిల్లు జీతమిచ్చే బౌలరుకు ఉన్నది ఒకే చోటు. ఒకడు రావాలంటే ఇంకొకడు పోవాలి.

"వేగం పోయింది కదా?" అన్నాడు పెద్దాయన.

దురైసామికి ఒళ్ళు మండింది. "మీకెందుకు?"

"పోయేది పోతాది. నిదానంగా వేసేది నేర్చుకో."

"వేస్తానే ఉండా. అందరూ కొడతానే ఉండారు."

"బంతితో పాటు చేతిని గూడా నిదానం చేస్తే కొట్టక ఏం చేస్తారు? బంతి ఒకటే నిదానంగా పోవల్ల. చేయి కాదు."

పెద్దాయన పంచె మడతలోంచి ఒక ఉండ తీశాడు. మిల్లులో యంత్రాలు తుడిచే వేస్టు నూలు. దాన్ని గట్టిగా చుట్టి దురైసామి చేతిలో పెట్టాడు.

"బలంకొద్దీ వెయ్యి."

దురైసామి పరుగెత్తి వచ్చి వేశాడు. నూలు ఉండ కాళ్ళ ముందే పడింది.

"చేయి ఎంత వేగంగా పోయిందో చూసినావా? బంతి వేసేటప్పుడు గూడా చేయి అంతే పోవల్ల. బంతిని వేళ్ళతో పట్టొద్దు. అరచేతి లోపలికి తోసి పట్టు. వేళ్ళు సుమ్మా, ఊరికే ఉండల్ల."

ఆ రాత్రి అన్నం పెడుతూ భార్య పంకజం అడిగింది. "ఏమండి, మొగం అట్ల ఉండాది?"

"మిల్లులో పని జాస్తి."

మిల్లులో అతనికి పనే ఉండదని ఆమెకు తెలుసు. భుజానికి నూనె రాసింది.

షిఫ్టు సంగు, అదే మిల్లు సైరను, ఊదగానే రోజూ పెద్దాయన వచ్చేవాడు. కాసేపు నూలు ఉండ, కాసేపు బంతి. మళ్ళీ నూలు ఉండ.

"నిదానం బంతి వేసేటప్పుడు పండ్లు పటపటా కొరకతా ఉండావు తంబీ. బ్యాటు పట్టుకున్నోడు నీ మొగం చూడడా?"

భుజం నొప్పికి తోడు ఈ నస ఒకటి. దురైసామి విసిగిపోయాడు.

"ఇదంతా మీకెందుకు పెద్దాయనా? మీకేం వస్తాది?"

"నాకు చెప్పేవాళ్ళు లేకపోయినారు. నాకే తెలిసేసరికి ఆట అయిపోయింది."

ఏ ఆట అని దురైసామి అడగలేదు. పేరైనా అడగలేదు. అడిగే ఓపిక లేదు.

శుక్రవారం బంతి కుదిరింది. చేయి ఎప్పటిలాగే విసురుగా తిరిగింది. బంతి మాత్రం తీరిగ్గా వెళ్ళి, చివర్లో కిందికి వాలింది.

"ఇంకొకటి వెయ్యి" అన్నాడు పెద్దాయన.

శనివారం ప్రాక్టీసు చూడడానికి మేనేజరు వచ్చాడు.

"ఎవరాయన? నీకేమైనా నేర్పిస్తున్నాడా?"

మిల్లు బౌలరు ఇంకా పాఠాలు చెప్పించుకుంటున్నాడని తెలిస్తే ఆదివారం దాకా కూడా ఆగరు.

"ఎవరో తెలవదు సార్. సుమ్మా వచ్చి కూచుంటాడు. రావద్దన్నా వినడు."

మేనేజరు వాచ్‌మన్ ఆండియప్పను పిలిచాడు. ఆండియప్ప పెద్దాయన చేయి పట్టుకుని గేటు వైపు తీసుకుపోయాడు. పెద్దాయన నూలు ఉండను పంచె మడతలో దోపుకుని వెంట నడిచాడు.

దురైసామికి సిగ్గేసింది. అయినా బంతి తీసుకుని పరుగు అందుకున్నాడు.

ఆదివారం మదురై మిల్లు కోదండరామన్ బాదుతూనే ఉన్నాడు. అతను ఇంకాసేపు నిలిస్తే మ్యాచి పోయినట్టే. ఉద్యోగమూ, ఇల్లూ పోయినట్టే.

దురైసామి బంతిని అరచేతిలోకి తోసుకున్నాడు. అదే పరుగు. అదే చేయి. పళ్ళు కొరకలేదు.

కోదండరామన్ బ్యాటు తిరిగిపోయింది. బంతి ఇంకా రాలేదు. అది వచ్చేసరికి అడ్డం ఏమీ లేదు. స్టంపు పడింది.

తర్వాత వచ్చినవాళ్ళదీ అదే గతి. మ్యాచి గెలిచారు.

"వచ్చే ఏడూ నువ్వే" అన్నాడు మేనేజరు భుజం తట్టి. నొప్పి ఉన్న భుజమే.

దురైసామి మెడలో వేసిన గెలుపు దండతోనే గేటు దగ్గరికి పరుగెత్తాడు.

"ఆండియప్పన్నా, నిన్నటి పెద్దాయన ఎక్కడుంటాడు? కాళ్ళు పట్టుకోవల్ల."

"ఇంతసేపూ గోడ బయటే కూచోని ఉండె. లోపలికి రమ్మంటే రానన్నాడు. మీ కేకలు వినేసి, ఇంక పోతానని బస్సెక్కినాడు. ఏ ఊరో చెప్పలేదు."

"మీకు ముందే తెలుసా ఆయన?"

"తెలవకేం. తిరువేంగడమన్న. ఎవరనేది నీకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు."

"ఎందుకు? ఎవరాయన?"

ఆండియప్ప అతని మెడలోని దండ వైపు చూశాడు.

"నిన్ను పనిలో పెట్టేదానికని అప్పుడు మిల్లోళ్ళు ఇంటికి పంపించేసిన బౌలరు ఆయనే తంబీ."