మన వెర్షన్

కోట వాకిట్లో కార్తి మళ్ళీ చచ్చాడు.

తెరమీద ఒక రాతిపలక. దానిమీద ఉలితో చెక్కినట్టు ఏవో కొక్కేలు, తోకలు. కాపలావాడు ఏదో అడుగుతాడు. ఈ ఆటలో బొమ్మలకు గొంతు లేదు, మాటలన్నీ రాతలోనే వస్తాయి. కింద మూడు జవాబులు కనిపిస్తాయి. కార్తి గుడ్డిగా ఒకటి నొక్కుతాడు. బల్లెం వచ్చి గుండెల్లో దిగుతుంది. బాగాయంలోని ఆ మేడగదిలో పొద్దుట్నించి జరుగుతున్న భాగోతం ఇదే.

“ఈ ఆటను మ్యాక్‌కు తెచ్చినోడు యాడ నేర్చుకున్నాడురా పని? అక్షరాలన్నీ చుట్టలు చుట్టుకొని పోయుండాయి చూడు.”

పక్కన కూర్చున్న దినకర్ పకపకా నవ్వాడు. స్నేహితుడి అవస్థ చూసి ఆనందించడానికే గుడియాత్తంలో బస్సెక్కి వచ్చాడు. అతని ఇంట్లో ఉన్నది విడిభాగాలు కొని బిగించిన విండోస్ కంప్యూటరు. రైస్ మిల్లులా మోత పెడుతుంది గానీ ఏ ఆటనూ కాదనదు.

“విండోస్ కోసరం చేసిన ఆటను తెచ్చి మ్యాక్ నెత్తిన రుద్దితే ఇట్లే ఉంటాది. ఆపిల్ తినేదానికిరా, ఆడేదానికి కాదు.”

“సుమ్మా ఉండప్పా. నీ డబ్బాకు దీని విలువ ఏం తెలుసు?”

మ్యాక్ కంప్యూటరు కొన్నప్పటినుంచి కార్తి లోకాన్ని రెండుగా చీల్చేశాడు. మ్యాక్ ఉన్నవాళ్ళు మనవాళ్ళు. మిగతావాళ్ళు అయ్యో పాపం. విండోస్ ఆట ఏది మ్యాక్‌కు వచ్చినా ఆడటం, మ్యాక్‌లో లేని మీటలు నొక్కమంటోందనో, ఒళ్ళు కాలేలా వేడెక్కుతోందనో తిట్టిపోయడం, ఆ తిట్లను వీడియోగా పెట్టడం, ఇదీ అతని వ్యాపకం. చేతకానిది ఆడటం. బాగా వచ్చింది తిట్టడం.

ఆ తిట్లు చూసే హైదరాబాదులో ఒక ఆటల కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడిన అమ్మాయి పేరు శృతి.

“మీ వీడియోలన్నీ చూశామండీ. మీరు మనవాళ్ళే కదా?”

“అవును మేడం,” అన్నాడు కార్తి గర్వంగా, “మూడేండ్లుగా.”

ఆమె ఎందుకో చాలాసేపు నవ్వింది.

“భలే మాట్లాడతారే! మా విండోస్ ఆటను ఇప్పుడు మ్యాక్‌కు తెస్తున్నాం. మీకు పంపేది మన వెర్షనే. మాటలన్నీ జాగ్రత్తగా చదివి, మనవాళ్ళకు నచ్చుతుందో లేదో చెప్పండి. మీరు చెప్పేది బాగుంటే ఉద్యోగం మీదే.”

ఆ ఉద్యోగం కార్తికి కావాలి. ఎందుకంటే అతని తండ్రి రాజమాణిక్యం కట్టడాల మేస్త్రీ. కే.వి.కుప్పంలో ఒక కల్యాణ మండపం పని ఒప్పుకున్నాడు. అరవ బడిలో చదివించి పెద్దచేసిన కొడుకు మీద ఆయన ఓపిక ఎప్పుడో ఇంకిపోయింది.

“ఈ పని దొరికితే సరి. లేదంటే సోమవారం నాతో వచ్చి సిమెంటు మూటలకు కావిలి కూచోవల్ల.”

“దొరకతాది నాయనా. మ్యాక్ గురించి తెలిసినోడు నా మాదిరి వాళ్ళకు యాడ దొరకతాడు?”

మళ్ళీ ఆట మొదలుపెట్టాడు. దినకర్ ముందుకు వంగి తెరలోకి తేరిపార చూశాడు.

“ఇట్లాంటివి యాడో చూసినట్టుండాదిరా.”

“నీ విండోస్‌లో వైరస్ వచ్చినప్పుడు చూసుంటావు.”

దినకర్ మొహం మాడిపోయింది. అంతలో మళ్ళీ బల్లెం దిగింది. ఈసారి వెక్కిరించే వంతు దినకర్‌ది.

“ఆడలేక మద్దెల ఓడు అన్నాడంట!”

టీ తీసుకొచ్చిన తల్లి దేవకి, ఆమె వెనకాలే వచ్చిన రాజమాణిక్యం కూడా తెరవైపు చూశారు.

“ఏందిరా ఈ గీకుడు?” అన్నాడు రాజమాణిక్యం. “మా కూలోళ్ళు గోడమీద బొగ్గుతో గీకే అరవం దీనికంటే బాగుంటాది.”

ఇంటిల్లిపాదీ ఒక్కమాట మీద నిలబడటం ఆ ఇంట్లో అరుదు. కార్తికి కొండంత బలం వచ్చింది.

సాయంత్రం శృతి వీడియో కాల్ చేసింది. కార్తి కింద లుంగీ అలాగే ఉంచి పైన ఇస్త్రీ చొక్కా తొడిగాడు. తల్లీ తండ్రీ స్నేహితుడూ కెమెరాకు కనపడకుండా గోడకు అతుక్కుని నిలబడ్డారు.

“కథ ఎలా అనిపించిందండీ?” శృతి ఆశగా అడిగింది.

“కథ యాడుండాది మేడం? చెప్పేదానికి నాకే బాధగా ఉండాది.” కాపలావాడి రాతిపలక ఆమెకు కనపడేలా తెర పంచుకున్నాడు. “చూడండి. ఫాంట్ మొత్తం పాడైపోయుండాది. ఒక్క అక్షరమన్నా నేరుగా ఉండాదా? దీన్ని మ్యాక్‌కు తెచ్చినోడు కండ్లు మూసుకొని తెచ్చినాడు. మనవాళ్ళకు చూపిస్తే మొహాన ఉమ్మేస్తారు.”

శృతి కళ్ళు చిట్లించి ఆ పలకను చూసింది. తర్వాత కార్తిని చూసింది.

“మీకు... ఇది చదవడం రావట్లేదా?”

“నాకా?” కార్తి వెటకారంగా నవ్వాడు. “ఈ చెత్తను చదవగలిగినోడు లోకంలో ఒక్కడుంటే తెచ్చి నాకు చూపించండి మేడం!”

గోడ దగ్గర రాజమాణిక్యం భేషని తలూపాడు. కొడుకు ఇంత ధైర్యంగా మాట్లాడగా ఆయన ఎన్నడూ చూడలేదు. దేవకి కళ్ళు తుడుచుకుంది. దినకర్‌కు సైతం మొదటిసారి మ్యాక్ మీద కాస్త గౌరవం కలిగింది.

శృతి ఆ పలకను ఇంకోసారి పైనుంచి కిందిదాకా చదివింది.

“కార్తి గారూ,” అంది చివరికి, “అది తెలుగండీ.”