చిల్కానగర్‌లో తళ్లికోట యుద్ధం

కార్పొరేటర్ ఎన్నికలో ఓడిన ఉపేందర్‌ను ఓదార్చడానికి రిటైర్డ్ చరిత్ర లెక్చరర్ సుధీంద్ర చిల్కానగర్ వచ్చాడు.

“తళ్లికోటలో విజయనగరం ఎందుకు ఓడింది? సొంతవాళ్ల ద్రోహం వల్ల. ఇక్కడా అదే జరిగింది.”

ఉపేందర్ చూపు, ఇల్లిల్లూ తనతో తిరిగి ఓట్లడిగిన బుచ్చిరాములు మీద పడింది. “నువ్వేనా, రాములూ?”

బుచ్చిరాములు చాయ్ కప్పు కింద పెట్టాడు. “పోయినసారి నువ్వు గెలిసినప్పుడు గూడ సారు గీ యుద్ధమే జెప్పిండన్నా. అప్పుడు విజయనగరం అవతలోళ్లు.”

సుధీంద్ర కళ్లద్దాలు తీసి తుడుచుకోసాగాడు.

ఉపేందర్ గొంతు తగ్గింది. “మరి జనం ఏమన్నరు?”

“నల్లా నీళ్లు వస్తలేవన్నరు. ఐదేండ్ల సంది నేను చెప్తనే ఉన్న. నువ్వు అడుగుడు గిదే ఫస్టు.”