కడిగిన ఆకులు

"పిన్నీ, బిందెలు తీసుకురా. ఇంట్లో ఉన్నవన్నీ తీసుకురా."

పక్క చేను ఆసామి వీపున మందు డబ్బా కూడా దించకుండా పరుగెత్తుకొచ్చేసరికి, ముసలావిడ వాకిట్లో గిన్నెలు తోముకుంటోంది. ఆ ఆసామిని అందరూ ధీమా అంటారు. ఇల్లు తగలబడుతుంటే "ధీమాగా ఉండండి, గోడలు మిగుల్తాయిగా" అనే రకం. అలాంటివాడి ముఖాన నెత్తురుచుక్క లేకపోవడం చూసి, ఆవిడ ఏమీ అడక్కుండానే లేచింది.

ధీమా వేసేది కంపెనీ మొక్కజొన్న. కలుపుమందు నెత్తిన పోసినా చావకుండా విత్తనంలోనే ఏదో మార్పు చేసి అమ్ముతారు. ఆ మందుతో తలంటి పోసినా తన పంటకి తుమ్ము కూడా రాదని అతను పదిమందిలో కోతలు కోసేవాడు. కలుపు మాడిపోతుంది, పంట నవ్వుతూ నిలబడుతుంది. అందుకే ఏది పంటో ఏది కలుపో చూసి కొట్టడం ఎప్పుడో మానేశాడు. తలొంచుకుని సాలు వెంట నడవడమే పని. ఆ పొద్దున ఎదురెండకి టోపీ కళ్ల మీదికి లాక్కుని, ఆ అలవాటులోనే గట్టు దాటి, పిన్ని మడి కూడా తడిపేశాడు. ఆవిడ నీళ్ల గొట్టం కాలికి తగిలితేగానీ తెలివి రాలేదు.

ఆ మడిలో ఉన్నది ఎర్రగింజ మొక్కజొన్న. ముసలావిడకి అత్తగారు, ఆవిడకి వాళ్ల అత్తగారు ఇచ్చిన విత్తనం. వానలు ఎగ్గొట్టిన ఏడు చుట్టూ చేలన్నీ ఎండి గరగరలాడుతుంటే, ఇది మాత్రం మూడడుగుల మొక్కకే కంకి వేసి ఇంటిల్లిపాదినీ బతికించిందట. ఇప్పుడు ఇంకెవరి దగ్గరా లేదు. విత్తన బ్యాంకు వాళ్లొచ్చి, దీన్ని చల్లటి గదిలో తరాల తరబడి దాచి, అడిగినవాళ్లకి పంచుతామన్నారు. అయితే దోసెడు చాలదు, మడి నిండా పండించి ఇమ్మన్నారు. ఆవిడ చూరుకి కట్టిన పోయినేటి కంకుల్లో ఒక్క గింజ కూడా వెనక్కి పెట్టుకోకుండా అంతా విత్తేసింది. అంతకుముందు ఏడు పూతకాలంలో ధీమా చేను మీంచి గాలి వీచి, ఆవిడ తెల్లజుట్టంతా పుప్పొడితో పచ్చబడితే, "రంగు నేనే వేశాను పిన్నీ, పదేళ్లు తగ్గావు" అని అతను ఏడిపించాడు కూడా. అప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారు.

ఇప్పుడు ధీమా, అతని పెళ్లాం, ముసలావిడ కలిసి పసిపిల్లల మూతులు తుడిచినట్టు ఒక్కో ఆకూ కడిగారు. నీళ్ల తొట్టి అడుగంటింది. ఇంకా సగం మడి మిగిలిపోయింది.

"నా చేతులు విరిచెయ్యి పిన్నీ," అన్నాడు ధీమా, గట్టు మీద కూలబడి.

"విరిస్తే నీళ్లెవడు మోస్తాడురా. లే."

అతను లేచాడు. ధీమాగా ఉండమని చెప్పబోయి నోరు మూసుకున్నాడు.

రోజులు గడిచేకొద్దీ మొక్కల మొవ్వులోంచి పసుపు మొదలైంది. పూటకి కొన్ని మొక్కలు వాలిపోయాయి. ముసలావిడ మడి మధ్యన పీట వేసుకుని కూర్చుని, వాలిన మొక్కని చేత్తో నిలబెట్టేది. వదిలితే మళ్లీ వాలేది. ధీమా పెళ్లాం తెచ్చిన అన్నం తెచ్చినట్టే తిరిగి వెళ్లేది. విత్తన బ్యాంకు అమ్మాయి వస్తే ఏం చూపించాలని ఒకటే మాట. నువ్వు కాస్త తిను పిన్నీ అంటే, నేను తింటే అవి లేస్తాయా అనేది.

అవి లేవలేదు. కానీ కొన్ని అసలు వాలనే లేదు. అక్కడొకటి, ఇక్కడొకటి. కడిగిన సాళ్లలో నిలబడ్డాయి, నీళ్లు చాలక వదిలేసిన కొసనా నిలబడ్డాయి. ధీమా మడంతా రెండుసార్లు తిరిగి చూసొచ్చాడు.

"కడగనివి కూడా బతికాయే పిన్నీ."

"మా అత్తగారి గింజరా. ఆవిడలాగే మొండిది. ఎవరి మాటా వినదు."

ఆ పూట ఆవిడ అన్నం తింది. కూర తక్కువైందని కోడలిలాంటి ఆ పిల్లని దెప్పింది కూడా. మర్నాడు చచ్చినవాటిని పీకి గట్టున కుప్ప పోసి, బతికినవాటికి చోటు చేశారు. ధీమా తన పంటకి పెట్టాల్సిన ఎరువు తెచ్చి వీటికి పెట్టాడు. సొంత చేను మొహం కూడా చూడ్డంలేదని పెళ్లాం సణిగింది.

కంకులు ముదిరాక విత్తన బ్యాంకు అమ్మాయి గుడ్డ సంచులతో వచ్చింది. ముసలావిడ మొదటి కంకి మీది పొరలు తనే ఒలిచింది. కొసదాకా ఎర్రటి గింజలు. ఆవిడ ముఖంలో ఎన్నాళ్లకో నవ్వు కనిపించింది. మడి ఇంత పలచగా ఉందేమని అమ్మాయి అడిగితే, ధీమా తన తప్పూ, కడిగిన కష్టం, మొక్కల మొండితనం ఏదీ వదలకుండా చెప్పాడు. సంచి మూతి కడుతున్న ఆమె చేతులు మధ్యలో ఆగాయి.

"మందు బాగా పడినవి కూడా బతికాయా?"

"తడిసి ముద్దయినవే బతికాయి తల్లీ," అన్నాడు ధీమా గొప్పగా.

"పోయినేడు మీ రెండు చేలూ ఒకేసారి పూశాయా?"

"ఒకేసారి. పిన్ని జుట్టుకి రంగేసింది నేనేగా."

అమ్మాయి నవ్వలేదు. కంకిని చేతిలో తిప్పి చూసింది.

"ఈ ఎరుపు పైతోలుది అమ్మమ్మా. అది తల్లి నుంచి వస్తుంది. తండ్రి ఎవరో ఇది చెప్పదు. మందు చెప్పింది."

సగం కట్టిన ముడి విప్పి, కంకులన్నీ తిరిగి ముసలావిడ ఒళ్లో పెట్టింది. ఆవిడ ఒకసారి ధీమా చేను వైపు చూసింది. తర్వాత గట్టున ఎండిపోయిన కుప్పని చాలాసేపు చూసింది.

చచ్చినవే ఆమెవి.