ఫ్రోసో అడిగిన స్టాంపు

"నోట్లొద్దమ్మాయ్, స్టాంపు చీటీ ఇవ్వు," అంది ఫ్రోసో, చాచిన డబ్బు ముట్టుకోకుండా.

థెక్లాకు నీరసం ముంచుకొచ్చింది. పిరేయస్ రేవులో పొద్దున్నుంచీ ఓడ టిక్కెట్లు కొట్టి కొట్టి వేళ్లు వాచాయి. మొగుడు స్త్రాతిస్ సరుకు ఓడెక్కి ఏ సముద్రంలో ఉన్నాడో. రద్దీ రోజుల్లో రెండేళ్ల కొడుకుని కనిపెట్టుకోవడానికి ఈ ముసలావిడే దిక్కు.

ఆ చీటీ కావాలంటే పోస్టాఫీసు వరసలో నిలబడాలి. కూలి అక్కడ కడితే, సర్కారు పన్నూ పింఛను వాటా కోసుకుని మిగతాది పనిమనిషికిస్తుంది.

"నోట్లయితే మొత్తం మీకే కదా ఫ్రోసోగారూ! కోత పడితే అంత సరదానా?"

"పింఛనుకి ఇంకా కొన్ని పనిరోజులు తక్కువున్నాయి తల్లీ. స్టాంపు లేకపోతే నేను పని చేసినట్టే కాదు."

"మరి ఇన్నేళ్లూ ఏం చేశారు?"

"పిల్లల్ని పెంచాను. ఆ ఇళ్లవాళ్లెవరూ స్టాంపులు కట్టలేదు."

"నేను కడతాగా, వచ్చేసారి," అంటూ నోట్లు ఆవిడ సంచిలో కుక్కేసింది థెక్లా.

వచ్చేసారి వరస పొడుగ్గా ఉంది. ఆ తర్వాత పోస్టాఫీసులో సమ్మె. తీరిక దొరికిన రోజున సోఫాలో కాళ్లు చాపుకుని పడుకుంది. "ముసలావిడకి స్టాంపుల పిచ్చి," అని పక్క కౌంటరు పిల్లతో నవ్వింది కూడా.

ఫ్రోసో పనికి మాత్రం వంక లేదు. పిల్లాడు ఆవిడ ఒళ్లో ఇట్టే నిద్రపోయేవాడు. ఇల్లు అత్తగారిది, పాతది. మొరాయించే బాల్కనీ తలుపుని ఫ్రోసో కాస్త పైకెత్తి ఒక్క తోపుతో మూసేది. ఆ కిటుకు థెక్లాకే ఇంకా పట్టుబడలేదు.

ఒకనాడు ఫ్రోసో మోకాళ్లు పట్టుకుని మెట్ల మీదే కూలబడింది.

"ఇక నావల్ల కాదమ్మాయ్. ఊళ్లో చెల్లెలి పంచన చేరతాను."

"మరి పింఛను?"

"వదిలేశాను," అంది. ఆ గొంతులో కోపం లేదు, అలసటే ఉంది.

థెక్లా మనసు చివుక్కుమంది. అయినా రేపటి డ్యూటీయే ముందు గుర్తొచ్చి అత్తగారికి ఫోన్ చేసింది.

ఏజినా దీవి నుంచి వచ్చిన అత్తగారు, కోడలి ఫోనులో మనవడి ఫొటోలు చూస్తూ, వాణ్ణి ఎత్తుకున్న ముసలావిడ దగ్గర ఆగిపోయింది.

"ఈవిడ ఫ్రోసో కదే?"

"మీకు తెలుసా అత్తయ్యా? స్టాంపు స్టాంపని ప్రాణం తీసేది. పిల్లల్ని పెంచిన ఇళ్లలో ఒక్కరూ కట్టలేదట పాపం."

"నా పేరు ఎత్తలేదా?"

"ఎప్పుడూ లేదే!"

అత్తగారు ఫోను బల్ల మీద పెట్టేసింది. మనవడి వైపు చూడలేకపోయింది.

"ఆ ఇళ్లలో మొదటిది ఇదే," అంది. "నీ మొగుణ్ణి బడికెళ్లే ఈడు వచ్చేదాకా పెంచింది ఆవిడే."