పార్కులో పుట్ట

“పార్కూ లేదు, గీర్కూ లేదు. ఆ మూల జాగా మా అల్లుడికి ఇచ్చేసినా” అన్నాడు తిరుమలయ్య.

రేణిగుంట రోడ్డు పక్కనున్న తన చేనును ఇళ్ల స్థలాలుగా చేసి అమ్మినవాడు ఆయన. కొన్నవాళ్లంతా ఆయన అరుగు ముందు నిలబడి ఉన్నారు. మునిలక్ష్మి మూడేళ్ల కొడుకును చంకనేసుకుని ముందుకొచ్చింది.

“అమ్మేటప్పుడు ఆ జాగా పార్కని చెయ్యి చాపి చూపించినారే, పెద్దాయనా. అది నమ్మే గదా కొన్నాము. వాకిలి ముందరే మిలిటరీ లారీలు పోతా ఉండాయి. మొన్న వీడు చక్రం కింద పడబోయినాడు.”

“అంత కావాలంటే మీరే ఇయ్యండి. తలా ఆరడుగులు మీ మీ స్థలాల్లో వదిలితే పార్కు అదే వస్తాది.”

మగవాళ్లు మనసులో లెక్కలేసుకున్నారు. గోడ లేపాక ఆరడుగులు ఎక్కణ్ణుంచి తెచ్చేది?

“సగం మీరియ్యండి, సగం మేమిస్తాము” అని గొణిగాడు వెంకటరమణ. ఆయనది మునిలక్ష్మి వెనకిల్లు.

తిరుమలయ్య ఆ మాట విననట్టే మునిలక్ష్మి వైపు తిరిగాడు. “మేకపిల్లను కట్టేసుకోరా? అట్ల గుంజకు కట్టెయ్ మే, నీ కొడుకును.”

అరుగు మీదివాళ్లు నవ్వారు. ఎదురుగా ఉన్నవాళ్లూ కొందరు నవ్వారు. మునిలక్ష్మి మాత్రం ఆయన మొహాన్నే చూస్తూ నిలబడింది. ‘ఆ జాగా నీ చేత్తోనే ఇప్పించకుంటే నేను మునిలక్ష్మినే కాదు’ అని ఇంటికొచ్చేదాకా పళ్లు కొరుక్కుంటూనే ఉంది.

ఆ మూల జాగాలో మోకాలెత్తు చెదపుట్ట ఒకటుంది. చెదలు తప్ప అందులో ఏమీ లేవని ఆమెకు తెలుసు. ఆమె కోళ్లు రోజూ దాన్నే కెలుక్కుని తింటాయి. పొద్దుగూకుతూనే రోకలి తీసుకుపోయి పుట్టకు అక్కడక్కడా బొక్కలు పొడిచింది. తెల్లారితే శుక్రవారం. తలకు పోసుకుని, పుట్టకు పసుపు కుంకాలు పెట్టి, పాలు పోసింది. పక్కింటి సిద్ధమ్మ అది చూసి పరిగెత్తుకొచ్చింది.

“ఏందే ఇది?”

“పడగ విప్పి నిలబడినాడక్కా. నా కళ్లతో సూసినా.”

మధ్యాహ్నానికి కొత్త ఇళ్ల ఆడవాళ్లంతా చెంబులతో వచ్చేశారు. సాయంత్రానికి వాళ్లలో కొందరు పామును కూడా చూసేశారు. అక్కడ అల్లుడి ఇంటికి పునాది తవ్వడానికి వచ్చిన కూలీలు గునపాలు కింద పెట్టి, “మాకూ పెండ్లాం బిడ్డలుండారు సామీ” అన్నారు. ఆ జాగా తనకు వద్దని శ్రీకాళహస్తి నుంచి అల్లుడు కబురంపాడు.

తిరుమలయ్య వచ్చి పుట్ట ముందు చాలాసేపు గొంతుకూర్చున్నాడు. బొక్కలు తడిమి చూశాడు. తర్వాత మునిలక్ష్మిని చూశాడు.

“నాగదేవత జాగా అమ్ముకుంటే వంశానికి మంచిది కాదంట, పెద్దాయనా” అంది ఆమె, ఒక్కో మాటా రుచి చూస్తూ.

“నిజమే మే. పార్కుకే ఇచ్చేస్తా. కంచె కూడా నేనే వేయిస్తా.”

ఆ రోజు మునిలక్ష్మి ఇంట్లో పాయసం వండింది.

పార్కు తెరిచే రోజు గేటుకు మామిడాకులు కట్టారు. పంచాయతీ బోర్డు ప్రెసిడెంటు వచ్చి గేటు తీశాడు. ఒక్క పిల్ల కూడా లోపలికి పోలేదు. తల్లులు బిడ్డల రెక్కలు గట్టిగా పట్టుకుని నిలబడ్డారు.

“పాముండే చోటికి బిడ్డల్ని ఎట్ల పంపేది?” అంది సిద్ధమ్మ.

“ఎవరూ పోని పార్కు ఎందుకప్పా? నా జాగా నాకిచ్చేయండి” అన్నాడు తిరుమలయ్య. ప్రెసిడెంటు సరే అనబోయాడు.

మునిలక్ష్మి గబుక్కున కొడుకును చంకలోంచి దించింది. “నమ్మినోళ్లను ఆయనేమీ చేయడు. పో నాయనా, ఆడుకో.”

వాడు కేరింతలు కొడుతూ పరిగెత్తాడు. తిన్నగా పుట్ట దగ్గరికే పోయి కూర్చుని, ఒక బొక్కలోకి చెయ్యి పెట్టాడు. తల్లులంతా దణ్ణాలు పెట్టారు. మునిలక్ష్మి తలెత్తి, గెలిచినట్టు తిరుమలయ్యను చూసింది.

ఆయన పక్కకొచ్చి, ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు:

“ఇంతమందిలో నీ మాట పొల్లు పోకూడదు గదా మే. నిన్ననే పాములోణ్ణి పిలిపించి, నిజమైనదాన్నే ఆ పుట్టలోకి వదిలించినా.”