పక్క సీటు

"బిడ్డా, జర నీ సీటు నాకిస్తవా? మా ముసలాయన పక్కకు కూసుంట."

లోహిత్ ఫోన్‌లోంచి తలెత్తాడు. అరవై అయిదు దాటిన మనిషి, భుజానికి గుడ్డసంచి. ఆమె వల్ల దారి ఆగిపోయి వెనక జనం విసుక్కుంటున్నారు. ముసలాయన ఎవరని అడగాల్సిన పని లేకపోయింది. లోహిత్ పక్కన మధ్య సీట్లో కూర్చున్న పెద్దాయన ఆమె కొంగు చివరను గుప్పిట్లో బిగించి పట్టుకుని ఉన్నాడు.

"మీ సీటెక్కడమ్మా?"

"ఇరవై ఏడోదట, ఇద్దరి నడుమ. అగో, ఆ కడాకు."

ఇరవై ఏడు! అదీ ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చునే సీటు. లోహిత్ ముంబైలో రెండు రోజులు ఈ విమాన సంస్థ వాళ్ల ముందే తన సాఫ్ట్‌వేర్ గురించి గొంతు చించుకుని, చివరికి చప్పట్లు కొట్టించుకుని వస్తున్నాడు. మూడింటికల్లా రాయదుర్గం ఆఫీసులో ఉండాలి. టీమంతా కేకు తెచ్చి పెట్టుకుని కూర్చుంది. అందరికంటే ముందు దిగాలనే కదా, ఐదో వరుసలో దారి పక్క సీటు ఏరి కోరి తీసుకున్నది!

"సారీ అమ్మా. దీనికి నేను విడిగా డబ్బు కట్టాను. మీరూ ముందే కొనుక్కోవాల్సింది."

"మాకేం ఎరుక బిడ్డా? ముంబైల ఆడబిడ్డ ఇంటికి వోయి వస్తున్నం. ఇద్దరికి ఒక్కటే టికెట్ జేసిండు మా మనుమడు. ఒక్కకాడనే ఇస్తరనుకున్నం." ఆమె గొంతు తగ్గించింది. "ఆయనకు ఏం యాది ఉండదు. నేను కనవడకుంటే పరేషాన్ అయితడు. గంటన్నరే గద, జర సూడు."

గంటన్నరే కదా, ఏమవుతుందిలే అని లోహిత్ కూడా అనుకున్నాడు.

ఇంతలో ఎయిర్ హోస్టెస్ వచ్చింది. "సీట్లు కొనుక్కోకపోతే కంప్యూటర్ ఎక్కడిస్తే అక్కడేనమ్మా. ఎవరైనా మారతానంటే నాకభ్యంతరం లేదు."

ఎవరూ మారతాననలేదు. కిటికీ పక్క అమ్మాయి అప్పటికే కళ్లు మూసుకుంది. లోహిత్ మళ్లీ ఫోన్‌లో తల దూర్చాడు. ఆమె పెద్దాయన వేళ్లు ఒక్కొక్కటే విప్పి కొంగు విడిపించుకుంది.

"నేను ఎనుకనే ఉన్న. నువ్వు లెవ్వకు," అని చెప్పి, తిరిగి తిరిగి చూసుకుంటూ వెళ్లింది.

విమానం లేచింది.

"నా పేరు నర్సింహ. మాది ఖాజాగూడ," అన్నాడు పెద్దాయన మర్యాదగా. "మా చంద్రమ్మను జూసినవా సారూ?"

"వెనక ఉన్నారండీ."

రెండు నిమిషాలు గడిచాయో లేదో మళ్లీ మొదలు. "నా పేరు నర్సింహ. మాది ఖాజాగూడ. మా చంద్రమ్మను..."

మూడోసారికి లోహిత్ "చెప్పాను కదండీ!" అన్నాడు. నాలుగోసారికి చెవుల్లో ఇయర్‌ఫోన్లు కుక్కుకున్నాడు.

అరగంటకు మబ్బుల్లో పడి విమానం కుదుపులు మొదలెట్టింది. బెల్టులు పెట్టుకోమన్నారు. వెనకనుంచి చంద్రమ్మ కేక వినిపించింది. "ఈడనే ఉన్న! భయపడకు!"

"అమ్మా, లేవకూడదు, కూర్చోండి!" ఎవరో ఆమెను గద్దించారు.

గొంతు వినబడి మనిషి కనబడకపోయేసరికి నర్సింహకు ఉన్న కాస్త నిలకడా పోయింది. బెల్టు ఊడబీక్కుని లేచి, లోహిత్ కాళ్ల మీదుగా దాటబోయాడు.

లోహిత్ ఆయన రెక్క పట్టుకుని కిందికి లాగాడు. "కూర్చోండి! చెబితే అర్థం కాదా మీకు?"

ఆ అరుపు ఎంత దూరం వెళ్లిందో లోహిత్‌కే తెలియదు. నర్సింహ సీట్లో ముడుచుకుపోయి రెండు చేతులూ జోడించాడు.

"కొట్టకు సారూ," అన్నాడు.

తర్వాత ఆయన పంచె తడిసింది. తడి సీటు మీదనుంచి కిందికి కారి లోహిత్ బూటు దాకా వచ్చింది. కిటికీ పక్క అమ్మాయి ముక్కు మూసుకుని బెల్ నొక్కింది. వెనక వరుసలో ఎవరో "ఛీ, ఇలాంటివాళ్లను విమానాలెందుకు ఎక్కిస్తారో" అన్నారు. లోహిత్‌కు తల కొట్టేసినట్టయింది. తండ్రి వయసు మనిషి తనకు చేతులు జోడించాడు. అది కూడా ఒక సీటు కోసం!

విమానం ఆగిందో లేదో అంతా బిలబిలా లేచారు. అందరికంటే ముందు దిగాల్సిన లోహిత్ దారికి అడ్డంగా నిలబడి రెండు చేతులూ చాపాడు.

"వెనకనుంచి ఒకావిడ రావాలి. ఆవిడ వచ్చేదాకా ఎవరూ కదలొద్దు."

"మాకు పనుల్లేవా మిస్టర్?"

"తిట్టుకోండి సార్. నేను మాత్రం కదలను."

జనం గొణుక్కుంటూనే పక్కలకు ఒత్తుకున్నారు. చంద్రమ్మ వచ్చింది, చూసింది. సంచిలోంచి శాలువా తీసి ఆయన నడుముకు చుట్టింది.

"ఎటువోయినవే?" అన్నాడు నర్సింహ.

"ఎటు వోలే. ఈడనే ఉన్న."

వద్దన్నా వినకుండా లోహిత్ ఇద్దరినీ తన క్యాబ్‌లో ఎక్కించుకున్నాడు. దారిలో ఆఫీసునుంచి టీమ్‌మేట్ జశ్వంత్ ఫోన్ చేశాడు. "ఎక్కడున్నావురా? హీరో లేకుండా కేకు కోస్తే ఏం బాగుంటుంది?"

"మీరు కోసుకోండి," అని పెట్టేశాడు.

ఖాజాగూడ సందులో ఇంటి ముందు దిగాక చంద్రమ్మ చేతులు పట్టుకున్నాడు. "అమ్మా, నాది తప్పయింది. ఆ సీటు మీకిచ్చి ఉంటే..." మాట పూర్తికాకుండానే కళ్లనీళ్లు వచ్చేశాయి.

"అయ్యో, ఏడుస్తున్నవేంది బిడ్డా? నీ సీటు నువ్వు కొనుక్కున్నవ్, నీ తప్పేమున్నది? ఇగ ఈసారి పైసలు వోతె వోనీ, మేం గూడ పక్కపక్క సీట్లు కొనుక్కుంటం." ఆమె భర్త చెయ్యి పట్టుకుని గేటు తీసింది. "గా కంప్యూటర్ను గూడ ఏమంటం? మేం ఆలుమగలమని గదానికేం ఎరుక? తెలిస్తే ఇడగొడుతుండెనా?"

తెలిసే విడగొట్టమని ఆ కంప్యూటర్‌కు నేర్పింది లోహితే.