గంట తప్పని గడియారం

చర్చి గడియారాన్ని విప్పి అమ్మేయాలని సంఘ పెద్దలు తీర్మానించారు. ఆ కబురు చెప్పడానికి పాస్టర్ సుందర్ రావు స్వయంగా యోసేపు గదికి వచ్చాడు.

గది అంటే గంట గోపురం కిందున్న చిన్న కొట్టు. భార్య విమల పోయినప్పటి నుంచి యోసేపు అందులో ఒక్కడే ఉంటున్నాడు. గడియారం బాధ్యతంతా ఆయనదే. గోపురం తాళంచెవి ఆయన మొలతాడు వదిలేది కాదు.

"మొత్తంగా ఎవలూ కొంటలేరు యోసేపన్నా. చక్రాలు, ఇత్తడి సామాను విడివిడిగా తీసుకుంటనని హైదరాబాద్ సేటు అంటాండు. గుడి పైకప్పు కురుస్తాంది, ఏం జేస్తం?"

యోసేపు ముఖం పాలిపోయింది.

"వద్దు అయ్యగారూ. దొరలు ఓడల తెచ్చిన మిషను. విప్పుడెంతసేపు? విప్పినోడు బతికినన్ని దినాలు ఆ పాపం మొయ్యాలె."

పాస్టర్‌కు జాలేసింది. యోసేపు గడియారాన్నే కట్టుకుని కాపురం చేస్తున్నాడని వరంగల్‌లో ఆ పేటంతా వేళాకోళమాడేది. విమల దవాఖానలో ఉన్న సంవత్సరమే గడియారం ముళ్లు ఆగిపోయాయి. గంటలు మాత్రం తప్పలేదు. రాత్రిపూట ఊరి నిద్ర చెడగొట్టడం దేనికని, తెల్లవారాకే మోగేలా యోసేపే ఏర్పాటు చేశాడు. పైన చెక్క మెట్లు పుచ్చిపోయాయంటూ ఇంకొకరిని ఎక్కనిచ్చేవాడు కాదు.

"ఇంత గడియారం నెత్తిమీద వెట్టుకొని చేతికి హెచ్ఎంటీ ఎందుకే?" అని టీ కొట్టు యాకయ్య ఏడిపిస్తే నవ్వేవాడు. నవ్వుతూనే చేతి గడియారం చూసుకుని, సగం టీ వదిలేసి పరుగెత్తేవాడు.

ములుగులో కూతురు ప్రమీల కొడుక్కి బాప్తిస్మం ఇప్పించినప్పుడు, "ఒక్క పూటకన్నా రా నాయనా" అని బతిమాలింది.

"గంట ఎవలు జూస్తరు బిడ్డా?" అన్నాడు.

మనవణ్ని ఫొటోలోనే చూశాడు. క్రిస్మస్ నాడు కూడా ఒక్కడే వండుకుని ఒక్కడే తిన్నాడు. పలకరించే దిక్కు లేక కాదు, కూర్చుని పలికే తీరిక లేక. అలాంటి ఒంటరితనం పగవాడికి కూడా వద్దు.

సోమవారం సేటు జీపులో దిగాడు. పాస్టర్ తాళంచెవి అడిగాడు.

"జర ఆగుండ్రి అయ్యగారూ. ఈ పదకొండు గంటలు కానియ్యుండ్రి, గంతే."

యోసేపు కళ్లు తుడుచుకుంటూ పైకెక్కాడు. కాసేపటికి గంటలు మోగాయి, ఎప్పటిలాగే ఒక్కటీ తక్కువ కాకుండా. ఆయన మాత్రం దిగి రాలేదు.

పాస్టర్‌కు భయమేసింది. గబగబా మెట్లెక్కాడు. మెట్లు గట్టిగానే ఉన్నాయి. పై గది తలుపు తోశాడు.

గడియారం యంత్రం ఉండాల్సిన చోట బోల్టులు ఊడదీసిన రంధ్రాలు తప్ప ఏమీ లేదు. వాటి ఎదురుగా, గంటకు కట్టిన తాడు ఇంకా చేతిలోనే పట్టుకుని, పీట మీద యోసేపు తల దించుకుని కూర్చున్నాడు.